వేటవర్ణనలు – నెత్తుటిజాడ

ఆలంకారికులు చెప్పిన అష్టాదశవర్ణనలలో మృగయ లేదు. అయినను మన ప్రబంధకవులు దానిని విడువలేదు. మనుచరిత్రమున స్వరోచి వేటయు, కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటయు సజీవచిత్రణములని విమర్శకులు మెచ్చుకొందురు. ఆ మెప్పు న్యాయమే. కాని మాకొక సందేహము మిగిలియున్నది. బాణము తగిలియు కూలక పొదలలోనికి పరుగెత్తిన మృగము ఏమయ్యెను?

బోధను ప్రాంతమున పెరిగినవారికి ఈ ప్రశ్న సులువుగా బోధపడును. ఏపుగా పెరిగిన చెఱకుతోటలోనికి దూరిన అడవిపంది రెండు బారల దూరమున నున్నను కనబడదు. అచ్చట కన్ను పనికిరాదు, ముక్కే దిక్కు.

జర్మనీదేశమున గాయపడిన మృగమును వెదకుట ప్రత్యేకవిద్యగా పెరిగినది. ఆ పనికై జాగిలములను పెంచు హిర్ష్‌మన్ సంఘము 1894లో ఏర్పడెను. అచ్చటి నెత్తుటిజాడ పరీక్షలలో ఒకదానియందు కుక్క కనీసము 1000 మీటర్ల జాడను పట్టవలెను. ఆ జాడకు పావులీటరుకు మించి నెత్తురు వాడరాదు. జాడ వేసిన 20 గంటలకో 40 గంటలకో కుక్కను పొడవైన త్రాటితో నడిపింతురు. నడుపువాడు నేర్వవలసిన పాఠము మరింత కఠినము. తన కంటికంటె కుక్కముక్కును నమ్మవలెను. అది తడబడినచో తొందరపెట్టక, కడసారి నెత్తురు కనబడిన తావునకు మరలిరావలెను.

మన ప్రాంతమున ఇట్టి పరీక్షలు లేకున్నను జాగిలములపై శ్రద్ధ క్రొత్త కాదు. కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున (12వ శతాబ్ది) మృగయకును, సారమేయవినోదమునకును వేర్వేరు ప్రకరణములు కలవు. బోధను నాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. అంతకంటె బలమైన సాక్షి తెలుగుభాష. మృగముల వాసనకు 'పసి' యని పేరు. దానినుండి పుట్టిన 'పసిగట్టు' అను మాటను గూఢవిషయమును గ్రహించుట యను అర్థమున నేటికిని వాడుచున్నాము. ప్రబంధకవులు జాగిలము దూకుడును వర్ణించిరి. దాని ముక్కును భాష జ్ఞాపకముంచుకొన్నది.

అయితే మన వాఙ్మయము గాయమును మరచెననుట తగదు. భారతమున ఏకలవ్యుని శరములు నోట నిండిన కుక్క పాండవులకడకు వచ్చును. ఆ గాయమే జాడయై వారిని విలుకాని వెదకుటకు పురికొల్పును. పాండురాజు కొట్టిన లేడి కిందముడను మునియై మాటలాడును. తన బాణము చేసిన పనిని ఎదుట నిలిచి వినవలసివచ్చిన వేటకాడతడు. మనుచరిత్రముననే కడపటి ఆశ్వాసమున స్వరోచి లేడిమాట విన్నందున స్వారోచిషమనువు జన్మకు దారి యేర్పడెను.

ప్రబంధము ఉత్సవప్రధానము గదా, దానియందు ఇట్టి బాధ్యతను వెదకుట న్యాయమా యని కొంద రాక్షేపింపవచ్చును. కాని పైన చెప్పిన మూడు ఘట్టములలోను కథాగతిని మార్చినది గాయమో, గాయపడనున్న మృగము మాటయో గాని, వేటసంరంభము కాదు. కావున వేటవర్ణన విలువను కూలిన మృగముల సంఖ్యతోను శబ్దాడంబరముతోను గాక, బాణమునకు వేటకాడు వహించిన బాధ్యతతో కొలువవలెనని మా యభిప్రాయము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున వేట దాదాపుగా నిషిద్ధమైనది. 2008లో ట్రాఫిక్ సంస్థ ఆరంభించిన శిక్షణతో జాగిలములు అటవీశాఖల పక్షమున దొంగవేటకాండ్ర జాడ తీయుచున్నవి. నాటి జాగిలము నేడు మృగము పక్షమునకు వచ్చినది. పరిశోధకవిద్యార్థులు వేటపద్యములను ఈ దృష్టితో మరల చదువుదురు గాక.