రెండవమారు వికిరణము: ఒక పరిశోధనపై విమర్శ

ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన కాన్సరునకు బయటినుండి కిరణములను ప్రసరింపజేయు చికిత్స చిరకాలముగా వాడుకలో నున్నది. అది పెక్కుమందికి మేలు చేయును. కాని కొందరిలో, కొన్ని సంవత్సరములు గడచిన పిదప, రక్తములోని పి.ఎస్.ఏ. అను పదార్థము మరల పెరుగ నారంభించును. వెదకి చూడగా కాన్సరు వేరొకచోటికి ప్రాకినట్లు కనబడక, పాత గ్రంథిలోనే తలయెత్తి యుండును. ఒకసారి కిరణములు సోకిన చోటనే మరల కిరణములను ప్రయోగింపవచ్చునా?

ఈ ప్రశ్నకు జవాబుగా నేడు తరచు పేర్కొనబడునది ఉత్తర అమెరికాలోని రేడియేషన్ థెరపీ ఆంకాలజీ గ్రూప్ వారి 0526వ పరిశోధన. జువానిటా క్రుక్, ఆమె సహచరులు దాని ఫలితములను 2019లోను, 2022లోను ప్రకటించిరి. ఆ అంకెలను చాలమంది ఉదాహరించెదరు గాని, అవి ఏమి చెప్పుచున్నవో, ఏమి చెప్పుటలేదో విచారించువారు తక్కువ.

ముందుగా పద్ధతి. దీనిని బ్రాకీథెరపీ యందురు. గ్రీకు భాషలో 'బ్రాకీ' యనగా కురుచ. బియ్యపుగింజకన్న చిన్నవైన లోహపు గొట్టములలో అయొడిన్-125 గాని పల్లాడియమ్-103 గాని ఉంచి, అల్ట్రాసౌండు బొమ్మను చూచుచు, సూదులద్వారా గ్రంథిలో నాటెదరు. అయొడిన్-125 అర్ధాయువు సుమారు 59 దినములు. అనగా మొత్తము మోతాదులో సగము మొదటి రెండు నెలలలోనే అందును. దాని కిరణములు బలహీనమైనవి. దూరము హెచ్చినకొలది వర్గక్రమమున తీవ్రత తగ్గును. కణజాలము మరికొంత పీల్చుకొనును. అందుచేత కాన్సరునకు మోతాదు దండిగాను, ఇరుగుపొరుగులకు స్వల్పముగాను అందునని మేము తరగతిలో చెప్పుదుము. ఈ మాట నిజమే కాని పూర్తి నిజము కాదు. పురీషనాళపు గోడ గ్రంథిని ఆనుకొనియే యున్నది. మూత్రమార్గమైతే గ్రంథి నడుమనుండియే పోవును. వర్గక్రమ సూత్రము దానిని కాపాడజాలదు. పైగా ఆ రెండును మొదటి చికిత్సలోనే తమ వంతు కిరణములను భరించినవి.

ఈ పరిశోధకులు మొట్టమొదట అడిగిన ప్రశ్న "ఎంత మేలు?" అని కాదు, "ఎంత హాని?" అని. ఇది మెచ్చదగినది. 2007 మొదలు 2014 వరకు 20 కేంద్రములలో 100 మందిని చేర్చుకొని, 92 మంది వివరములను విశ్లేషించిరి. వారి మధ్యస్థ వయస్సు 70 ఏండ్లు. మొదటి చికిత్స ముగిసి 30 నెలలు దాటినవారిని, పి.ఎస్.ఏ. 10 నానోగ్రాములకు లోబడినవారినే తీసికొనిరి. తీవ్రమైన హాని 10 శాతమునకు మించదని అంచనా. 20 శాతమైనచో సహింపరానిదని ముందే నిశ్చయించుకొనిరి. ఫలితము 14 శాతము, అనగా 12 మంది. మరణము గాని, ప్రాణాపాయము గాని చికిత్సవలన కలుగలేదు. పరిశోధకులు దీనిని అనుమతింపదగినదిగా భావించిరి. అయితే 14 అను సంఖ్య వారి రెండు గీతలకు నడుమ నున్నది. అదృష్టవశమున ఇద్దరు ముగ్గురు అటునిటైనను శాతము మారిపోవును.

మొదటి చికిత్స మోతాదునకు గాని, నడుమ గడచిన కాలమునకు గాని హానితో సంబంధము కనబడలేదని వారు వ్రాసిరి. 12 మందిని బట్టి "సంబంధము కనబడలేదు" అనవచ్చును. "సంబంధము లేదు" అనరాదు. ఈ భేదమును మన పత్రికలు తరచు మరచును. హానితో సంబంధము స్పష్టముగా కనబడినది ఒక్క కొలతకే: నిర్ణీత మోతాదు గ్రంథిలో ఎంత భాగమునకు పూర్తిగా అందినది యనునది. ఆ భాగము హెచ్చినకొలది హాని హెచ్చినది. విచిత్రమేమనగా, మొదటి చికిత్సలో ఇదే కొలత గింజలను చక్కగా నాటినారనుటకు గుర్తు. రెండవమారు అదే నైపుణ్యము దెబ్బ తీయుచున్నది. నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్న విలువైనదిగా తోచినది ఇదే.

2022 నాటి నివేదికలో పదియేండ్లకు 70 శాతము మంది జీవించి యున్నట్లు తేలినది. దీనిని గింజలకు జమకట్టుట తొందరపాటు. చికిత్స పొందని సమాన వర్గము ఇందులో లేదు. ఎంపికయైనవారు మొదటినుండియు మంచి స్థితిలో నున్నవారు. వారిలో 16 శాతము మందికి హార్మోను చికిత్సయు జరిగినది. మరియొక సంగతి. పదియేండ్లకు గ్రంథిలోనే కాన్సరు మరల కనబడినవారు 5 శాతము, కాని పి.ఎస్.ఏ. పెరుగుదలనుబట్టి విఫలమైనవారు 46 శాతము. గ్రంథిలో లేనిచో ఆ పదార్థము ఎచ్చటనుండి వచ్చుచున్నది? బహుశః చాలమందిలో కాన్సరు ముందే దాటిపోయి, ఆనాటి పరీక్షలకు చిక్కకుండెను. పి.ఎస్.ఎమ్.ఏ. పెట్ పరీక్షకు అమెరికాలో అనుమతి లభించినది 2020లో. కావున ఈ వైఫల్యములో కొంత చికిత్సది గాక, రోగుల ఎంపికదై యుండవచ్చును.

2021లో 150 అధ్యయనములను గుదిగ్రుచ్చి చేసిన సమీక్షలో ఐదేండ్లకు కాన్సరు తిరుగబెట్టనివారు శస్త్రచికిత్సలోనైనను, శీతల చికిత్సలోనైనను, వికిరణములోనైనను 50 నుండి 60 శాతమే. తీవ్రమైన మూత్రసంబంధ బాధలు మాత్రము శస్త్రచికిత్సలో 21 శాతము దాటగా, మరల వికిరణము పొందినవారిలో 4 నుండి 8 శాతము. ఈ పోలికలో ఒక చికిత్సకు వచ్చినవారును, మరొక చికిత్సకు వచ్చినవారును ఒకే తీరు రోగులు కారు. వీరిని చీట్లువేసి పంచి పోల్చిన పరీక్షయే కావలసినది. గ్రంథి యంతటిని గాక కాన్సరున్న భాగమునే గింజలతో చుట్టినచో ఆ 14 శాతము ఎంతకు దిగునో, గ్రంథిలో మరల తలయెత్తు 5 శాతము ఎంతకు ఎక్కునో 0526వ పరిశోధన చెప్పజాలదు. అది అందులకై రూపొందింపబడినదియు కాదు.