గోలి ముట్టని వేలు

ఉండ శనగగింజ కంటే కాస్త పెద్దది. ముదురు గోధుమ రంగు. రొయ్యపొడి అద్దినందువల్ల పైన కొంచెం గరుకు. వేలితో నొక్కితే విరగదు, సాగదు, కొద్దిగా లోపలికి కుంగుతుంది. దాని నడుమ అర గోలి ఉందని చెప్పేదాకా నాకు తెలియలేదు. చెప్పాక వెతికినా అతుకు కనబడలేదు.

పెన్‌పహాడ్‌లో మా చిన్నమ్మ తన షుగర్ పిల్లి కోసం పొద్దున, సాయంత్రం చేసే ఉండ ఇది. తెలంగాణ చేతిపని అనగానే పోచంపల్లి చీర, పెంబర్తి ఇత్తడి అంటాం. ఈ పనిని ఆ వరుసలో ఎవరూ లెక్కించరు. చేసిన నిమిషంలో పిల్లి కడుపులోకి పోయే వస్తువుకు ఎగ్జిబిషన్ ఎక్కడుంటుంది? ఉన్న ఒక్క గిరాకీ కూడా ఇందులో ఏదో మోసం ఉందేమోనని ముందు ముక్కుతో ఆరా తీసే రకం.

ఆ గిరాకీ పేరు బుడ్డోడు. వడ్ల బస్తాలు ఉండే ఇల్లు కాబట్టి ఎలుకల కోసమని తెచ్చిన పిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక ఇల్లు కదలలేదు. ఎలుకలను మరిచి పాలన్నం మరిగాడు, బాగా లావెక్కాడు. తర్వాత కుండెడు నీళ్లు తాగడం, ఎక్కడపడితే అక్కడ ఉచ్చ పోయడం, ఎంత తిన్నా చిక్కిపోవడం మొదలైంది. అసలు అనుమానం నడకతో వచ్చింది. పిల్లి మామూలుగా మునివేళ్ల మీద నడుస్తుంది. బుడ్డోడు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడిచాడు. షుగర్ ముదిరి కాళ్ల నరాలు దెబ్బతింటే పిల్లులకు వచ్చే నడక అది. లావు, వయసు, ఇంటిపట్టునే ఉండడం, ఆపరేషన్ అయిన మగపిల్లి కావడం, ఇవన్నీ ఈ జబ్బుకు దారులే. పాలన్నం మానేసి మాంసం మీదకు రావాలని పశువుల డాక్టరు ముందే చెప్పారు.

పిల్లి షుగర్‌కు అసలు మందు ఇన్సులిన్ సూదే. గ్లిపిజైడ్ గోలి క్లోమాన్ని ఉసిగొల్పి ఉన్న ఇన్సులిన్‌నే బయటికి తెప్పిస్తుంది. అది కొన్ని పిల్లులకే పని చేస్తుంది. బుడ్డోడికి డాక్టరు ముందు ఆ గోలే రాశారు. రక్తపరీక్షలు చేస్తూ చూద్దాం, తగ్గకపోతే సూదికి పోదాం అన్నారు. అమెరికాలో ఉండే మనవాళ్ల పిల్లులకు ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది. బెక్సాగ్లిఫ్లోజిన్ గోలికి 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి 2023లో అక్కడ అనుమతి వచ్చింది. కానీ ఏ మందైనా ముందు పిల్లి నోట్లోకి పోవాలి కదా. చిన్నమ్మ పనితనమంతా అక్కడే.

మా ఊళ్లలో పశువుకు గోలి మింగించాలంటే బెల్లం ముద్దలో పెడతారు. ఎద్దు, బర్రె నాలుక చాపి అందుకుంటాయి. పిల్లి దగ్గర బెల్లం పనికిరాదు. తీపి రుచిని పట్టే గ్రాహకం తయారు కావాలంటే రెండు జన్యువులు కావాలి. పిల్లుల్లో అందులో ఒకటి చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. ఇంట్లో పిల్లే కాదు, పులి, చిరుత కూడా అంతే. పాయసం గిన్నె దగ్గరికి పిల్లి వస్తే పాల కొవ్వు కోసం వస్తుంది, చక్కెర కోసం కాదు. చేదు మాత్రం దానికి బాగా తెలుసు. అంటే తీపితో చేదును కప్పడమనే మన పాత ఉపాయం మొదట్లోనే చెల్లదు. వాసనే దిక్కు.

చిన్నమ్మకు ఈ జన్యువుల సంగతి తెలియదు. కార్జం సంగతి తెలుసు. కోడి కార్జాన్ని ఉప్పు, పసుపు, కారం ఏమీ తగలనీయకుండా ఉత్త నీళ్లలో ఉడికిస్తుంది. కూరకు వండిన దాంట్లోంచి ఒక ముక్క తీస్తే పోదా అంటే ఒప్పుకోదు. అందులో ఆమెదే న్యాయం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను చెడగొడతాయి, కొంచెమైనా మంచిది కాదు. ఉడికిన కార్జాన్ని వేళ్లతో మెదిపి, నరాలు తీసేసి, నాలుగు చుక్కల నెయ్యి కలిపి పిసుకుతుంది. బియ్యప్పిండి, గోధుమపిండి ఒక చిటికెడు కూడా వేయదు. అతుక్కోవడానికి పిండి వేస్తే పని సులువే, కానీ షుగర్ పిల్లికి పిండి పెట్టి షుగర్ గోలి మింగించడం అర్థం లేని పని. కార్జం కూడా రోజూ గిన్నెల కొద్దీ పెట్టేది కాదు, విటమిన్ ఏ మితిమీరి ఎముకలకు చేటు చేస్తుంది. గింజంత ఉండలకు ఆ భయం లేదు.

రొయ్యల దగ్గర ఆమె చాదస్తం ఇంకా ఎక్కువ. అంగడిలో తెచ్చిన ఎండు రొయ్యల తల, తోక గిల్లి వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానబెడుతుంది, ఉప్పు పోవాలని. తర్వాత ఎండలో ఆరబోసి, మూకుట్లో నూనె లేకుండా వేయించి, రోట్లో దంచి, పాత కాఫీ సీసాలో పోసి మూత బిగిస్తుంది. ఆ మూత తీసిన చప్పుడుకే బుడ్డోడు ఎక్కడున్నా వస్తాడు.

ఇక వేళ్లు. నేను ఎక్కువసేపు చూసింది వీటినే.

గోలి కుడిచేతిది, ఉండ ఎడమచేతిది. ఈ రెండు చేతులకు పొత్తు లేదు. ఎడమ అరచేతిలో కార్జం ముద్ద పెట్టుకుని, అదే చేతి బొటనవేలితో నడుమ గుంట నొక్కుతుంది. కుడిచేతి రెండు వేళ్లు అర గోలిని పైనుంచి ఆ గుంటలో జారవిడుస్తాయి. ఉండకు తగలవు, వదిలేసి వెనక్కి పోతాయి. ఎడమ చూపుడువేలు గుంట అంచును లోపలికి మడిచి మూస్తుంది. తర్వాత బొటనవేలు ఒక్కటే కదులుతూ ఆ ఉండను అరచేతి మీద దొర్లిస్తుంది, అతుకు చెరిగేదాకా. ఒంటిచేత్తో చేసే పని కాబట్టి చూడ్డానికి నిదానం, కానీ తడబాటు లేదు. చివర రొయ్యపొడిలో ఒక్కసారి దొర్లించడం. కుడిచేతిని సబ్బుతో కడిగేదాకా ఆ చెయ్యి పిల్లి దగ్గరికి పోదు.

నేను ఒకసారి రెండు చేతులతో చేయబోతే ఆపేసింది. "గోలి ముట్టిన ఏలు ఉండను ముట్టద్దు బిడ్డా. ముట్టినవంటే పైన ఎంత రొయ్యపొడి సల్లినా అది గోలి వాసనే పడ్తది."

సగానికి విరిచిన గోలికి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. విరిగిన వైపు మందు పొడి బయటపడి ఉంటుంది. చిన్నమ్మ ఆ వైపు నెయ్యి రాసి మూసేస్తుంది. ఆ నెయ్యే ఆమె వేసే పూత. అన్ని గోలీలనూ విరవడానికి, నూరడానికి వీల్లేదన్నదీ ఆమెకు తెలుసు. నిదానంగా కరిగేలా చేసిన గోలిని నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. అందుకే కొత్త గోలి వచ్చినప్పుడల్లా మొదట అడిగే ప్రశ్న "ఇది ఇరవచ్చా?" అనే.

ఉండ ఎంత ఉండాలన్న లెక్క పిల్లి దవడ చెబుతుంది. పిల్లి మనలా పక్కలకు ఆడించి నమలలేదు. దాని పండ్లు కత్తెర వేసినట్టు పైకీ కిందికీ కోస్తాయి. చిన్న ముక్కను కోయకుండా అట్లే మింగేస్తుంది, పెద్దదైతే కోస్తుంది. కోసిందా, గోలి బయటపడ్డట్టే. మందును బాగా దాచాలని కార్జం ఎక్కువ చుట్టడమే అందరూ చేసే పొరపాటు. ఎంత చుడితే అంత తొందరగా దొరికిపోతుంది. చిన్నమ్మ ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దను పిడికిట్లో పట్టుకుని ఒంటి వెచ్చదనానికి తెస్తుంది. వెచ్చబడితే వాసన లేస్తుంది. పిల్లి వేటాడి తినే ఎలుక చల్లగా ఉండదు కదా.

అమెరికాలో ఇదే పనికి దుకాణంలో దొరికే సరుకు ఉంది. నడుమ గుంట ఉన్న మెత్తని తినుబండారం, గ్రీనీస్ పిల్ పాకెట్స్ అని. గుంట ముందే ఉండడం మంచి ఆలోచన, ఆ తయారీని మెచ్చుకోవాలి. కానీ అలాంటి వాటిని మెత్తగా ఉంచడానికి తరచుగా పిండిపదార్థం, గ్లిజరిన్ కలుపుతారు. షుగర్ పిల్లికి ఇచ్చే ముందు డబ్బా వెనక చదవాలి. ఈ ఒక్క విషయంలో చిన్నమ్మ ఉండే మేలని నా తీర్పు.

పెట్టే వరుస కూడా పనితనంలో భాగమే. మొదట ఖాళీ ఉండ. రెండోది గోలి ఉన్నది. మూడోది మళ్లీ ఖాళీ. రెండోది నోటికి అందగానే మూడోది కళ్ల ముందు కనబడాలి. దాని కోసం తొందరపడి రెండోదాన్ని పరీక్షించకుండా మింగుతాడు. మొదటి ఖాళీ ఉండకు ఇంకో పని ఉందని తర్వాత గమనించాను. అది ఆకలిని చూసే ఉండ. గ్లిపిజైడ్ తిండితో పాటు పోవలసిన మందు. తినని పిల్లికి అది వేస్తే చక్కెర మరీ పడిపోయి, తూలి, స్పృహ తప్పే ప్రమాదం ఉంది. బుడ్డోడు మొదటి ఉండను వాసన చూసి తల తిప్పుకుంటే రెండో ఉండ బయటికే రాదు, చిన్నమ్మ డాక్టరుకు ఫోన్ చేస్తుంది.

ఈ ఖాళీ ఉండల తెలివి ఎక్కడిదని అడిగితే నవ్వింది. పొలంలోదట.

వరిచేలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ పెట్టే పద్ధతి ఇక్కడి రైతులకు కొత్త కాదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. అయితే ముందుగా రెండు రోజులు మందు లేని నూకలే నూనె కలిపి బొరియల దగ్గర పెట్టాలి. ఎలుక కొత్త తిండిని కొంచెం కొరికి చూస్తుంది. ఒంట్లో తేడా చేస్తే మళ్లీ ఆ తిండి జోలికి రాదు. తిన్నదానికీ తర్వాత వచ్చిన బాధకూ ముడి వేసుకునే ఈ గుణాన్ని జాన్ గార్సియా అనే అమెరికా శాస్త్రవేత్త 1955లో ప్రయోగశాల ఎలుకల మీద చూపించాడు. మన రైతుకు అదే సంగతి వృథా అయిన నూకలు చెప్పాయి. చిన్నమ్మ దాన్ని తిరగేసింది. ఎలుకను చంపడానికి నేర్చిన ఓపికతో పిల్లిని బతికిస్తోంది. గోలి మొదలుపెట్టడానికి ముందు కొన్ని రోజులు బుడ్డోడికి అన్నీ ఖాళీ ఉండలే అందాయి. ఇప్పటికీ రోజులో తినే ఉండల్లో మందు ఉన్నవి తక్కువ, లేనివి ఎక్కువ. లెక్క అటు మొగ్గినంత కాలమే నమ్మకం.

ఒకసారి పిల్లికి జలుబు చేసి డాక్సీసైక్లిన్ రాశారు. అది తిరకాసు మందు. నీళ్లు లేకుండా మింగితే పిల్లి గొంతు గొట్టంలోనే అతుక్కుని, అక్కడే కరిగి, పుండు చేసి, గొట్టాన్ని ఇరుకు చేసేయగలదు. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. బెంజమిన్ డుగ్గర్ దాన్ని కనిపెట్టినప్పుడు అక్కడ పరిశోధనలు నడిపించింది మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. అన్ని ప్రాణాలు కాపాడిన కుటుంబంలోని మందు పిల్లి గొంతు దాటలేక చేటు చేయడం విడ్డూరమే. చిన్నమ్మ దానికి ఉండ ఒక్కటే చాలదని కార్జం ఉడికించిన నీళ్లను సూది లేని సిరంజిలో పట్టి, ఉండ వెనకాలే చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా తాగించింది. తర్వాత గిన్నెడు తిండి. గోలి కడుపులోకి దిగేదాకా ఆ రోజుల్లో ఆమె అక్కడినుంచి లేవలేదు.

తువ్వాలులో చుట్టి, నోరు తెరిచి, నాలుక మొదట్లో గోలి వేసి గొంతు నిమిరే పద్ధతి ఆమెకు రాదని కాదు. ఉండ ఓడిన రోజు అదే చేస్తుంది, చకచకా చేస్తుంది. కానీ ఇష్టం లేదు. భయపడ్డ పిల్లి రక్తంలో చక్కెర దానంతటదే పైకి పోతుంది. రోజూ కుస్తీ పడితే పరీక్షలో వచ్చే అంకె జబ్బుదో భయానిదో డాక్టరుకే తేలదు. పైగా కుస్తీ తర్వాత మూత తీసిన చప్పుడు వినబడితే పిల్లి వచ్చే దిక్కు మారుతుంది, మంచం కిందికి. అప్పుడు మళ్లీ మొదటినుంచి ఖాళీ ఉండలు.

ఈ మధ్య పోయినప్పుడు ఇంకొకటి చూశాను. ఖాళీ ఉండ పెడుతూ కుడిచేత్తో బుడ్డోడి మెడ వెనక వదులు చర్మాన్ని గుడారంలా పైకి లేపి పట్టుకుని వదిలేస్తోంది. వాడు పట్టించుకోకుండా తింటున్నాడు. ఎందుకని అడిగాను.

"గోలితోని తగ్గకుంటే సూదేస్త అన్నడు గద డాక్టరు. సూది ఏసేది గీడనే. ఇప్పటిసంది అలవాటు చేస్తున్న."