బొడ్డవర దాటాక

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో సగం దాకా సైకిలుకు పెద్ద పరీక్ష ఏమీ ఉండదు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట అని పిలిచే శృంగవరపుకోట. దారి పొడుగునా ఊళ్ళు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, పొద్దున్నే పొగలు కక్కే టిఫిన్ బళ్ళు. ఎస్.కోట దాటి బొడ్డవర చేరాక రోడ్డు తల ఎత్తడం మొదలుపెడుతుంది. ఆ సంగతి కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. అంతవరకూ చెవుల పక్కన హోరుమన్న గాలి తగ్గిపోతుంది. చైను చప్పుడు వినిపిస్తుంది. తర్వాత మన ఊపిరి మనకే వినిపిస్తుంది.

మొదటిసారి ఈ ఘాట్ ఎక్కినప్పుడు నేను చేసిన తప్పు కొత్తవాళ్ళలో చాలామంది చేసేదే. కాళ్ళలో సత్తువ ఉంది కదా అని పెద్ద గేరు దించలేదు. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కాను. అనంతగిరి చేరేలోపే మోకాళ్ళు పట్టేశాయి. మిగిలిన ఎక్కుడంతా సైకిలును నడిపించుకుంటూ పోయాను. కొండ ఎక్కడానికి బలం కావాలనుకున్నాను. కావలసింది లెక్క.

ఆ లెక్క కష్టమైందేమీ కాదు. మన ఇళ్ళలో ఉండే ఒంటిగేరు సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే ఐదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. చదును నేల మీద అది లాభం, ఎక్కుడులో అదే భారం. ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉన్న గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. అంటే రమారమి 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. చురుగ్గా నడిచే మనిషి కంటే కాస్త ముందుంటాం, అంతే. కానీ ఆ తొక్కుడు గంటల తరబడి సాగుతుంది. మోకాలు మొరాయించదు.

ఇంకో లెక్క కూడా మనసులో ఉంచుకోవాలి. మనిషి, సైకిలు, సామాను కలిపి 80 కిలోలు అనుకుందాం. ఆ బరువును అరకు దాకా, అంటే సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి పట్టే శక్తి సుమారు 170 కిలోకేలరీలు. ఉరికి ఎక్కినా, ఆగి ఆగి ఎక్కినా ఈ అంకె మారదు. అయితే మన కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతో, అంతకంటే కొంచెం తక్కువో మాత్రమే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. చెమట అందుకే. కాబట్టి ఒక్క ఎత్తు ఎక్కడానికే 700 పైచిలుకు కిలోకేలరీలు కావాలి. చిన్న ఇడ్లీలైతే పదిహేను దాకా. ఎస్.కోటలో టిఫిన్ బండి దగ్గర మొహమాటపడకూడదని నేను కొత్తవాళ్ళకు చెప్పేది ఈ లెక్క చూసే.

ఈ చిన్న గేరు వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. పేరు పాల్ ద వివీ. 1853లో పుట్టిన ఫ్రెంచివాడు, పట్టు వ్యాపారి. సైకిలు ప్రేమలో పడి, సాంత్-ఎతియెన్ పట్టణం నుంచి సైకిలు పత్రిక నడిపాడు. ‘వెలోసియో’ అనే కలం పేరుతో రాసేవాడు. ఆ ఊరి నుంచి పైకి ఎక్కితే వచ్చే కోల్ ద లా రిపబ్లిక్ అనే కనుమ 1,161 మీటర్ల ఎత్తున, అడవి మధ్య ఉంటుంది. దాని మీదకు ఎక్కుతూ దిగుతూ ఆయన రకరకాల గేర్లను పరీక్షించాడు. సామాన్యుడు, వయసు మళ్ళినవాడు కూడా అలసిపోకుండా కొండ దాటాలంటే సైకిలుకు ఒకటికి మించి గేర్లు ఉండి తీరాలని వాదించాడు.

పోటీల నిర్వాహకులు ఆ వాదన ఒప్పుకోలేదు. 1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ అదే కనుమ మీదుగా సాగింది. అయినా ఆ పోటీలో చైనును ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదకు జరిపే పరికరాన్ని 1937 దాకా అనుమతించలేదు. అంతవరకూ పందెగాళ్ళు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. ఒక పక్క చదునుకు, రెండో పక్క ఎక్కుడుకు. వీళ్ళు అలా అవస్థ పడుతున్న కాలంలోనే అడవి దారుల్లో షికారుకు పోయే మామూలు సైకిలువాళ్ళు హాయిగా గేరు మార్చుకుంటూ పైకి పోయేవారు. వీరుల పక్కన నిలబడక మామూలువాళ్ళ పక్షాన నిలబడ్డందుకు వెలోసియో అంటే నాకు గౌరవం. ఆయన శాకాహారి. తిండి, నీళ్ళు, విశ్రాంతి ఒళ్ళు అడిగేదాకా ఆగకుండా ముందుగానే అందించాలన్నది ఆయన పద్ధతి. ఎండాకాలం తూర్పు కనుమల్లో ఆ పద్ధతి తప్పితే ఏమవుతుందో ఇక్కడ తొక్కేవాళ్ళకు తెలుసు. దాహం వేశాక తాగిన నీళ్ళు చాలా ఆలస్యంగా పనికొస్తాయి.

ఎక్కుడులో చేతులు వదులుగా ఉండాలి. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నవాడి భుజాలు ముందు అలుస్తాయి, తర్వాత ఊపిరి కురచబారుతుంది. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో తెగుతోందంటే గేరు దించాలి. హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు దూరం తక్కువ, నిట్రం ఎక్కువ. బయటి అంచు చుట్టుదారే గానీ మెల్లగా ఎక్కుతుంది. ఎడమ పక్క నడిచే మన రోడ్ల మీద ఎడమ మలుపు ఎప్పుడూ మనల్ని ఆ నిట్రంలోకే నెడుతుంది. అందుకని మలుపు రాకముందే ఒక గేరు దించుకోవాలి. కుడి మలుపులో వాలు దానంతటదే తగ్గుతుంది. ఊపిరి తీసుకునేది అక్కడే. ఎదురుగా ఏమీ రావట్లేదు కదా అని రోడ్డు మధ్యకు పోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. మలుపు అవతల బస్సు ఉంటుంది.

ఇంత నెమ్మదిగా పోతే దొరికేది ఏమిటని కారులో వెళ్ళేవాళ్ళు అడుగుతారు. కారులో రెండు కునుకుల మధ్య అయిపోయే దారి ఇది. సైకిలు మీద దీనికి పొరలుంటాయి. కింద జీడిమామిడి, మామిడి. కాశీపట్నం, టైడ దాటేసరికి వెదురు, అడ్డతీగలు. ఆ ఆకులే విస్తళ్ళవుతాయి. అనంతగిరి పైన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా లేస్తాయి. వాటికి మిరియాల పాదులు చుట్టుకుని ఉంటాయి, నీడలో కాఫీ మొక్కలు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కాఫీకి నీడ ఎందుకు కావాలో పుస్తకం చదవక్కర్లేదు. ఎండలోంచి ఆ చెట్ల కిందకు సైకిలు మీద చేరిన ఒళ్ళే చెబుతుంది. మామూలుగా వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరున్నర డిగ్రీల వరకు చల్లబడుతుంది. మనం ఆ చల్లదనంలోకి ఒక్కొక్క డిగ్రీ చొప్పున ఎక్కుతాం.

కొండ మధ్యలో రైలు కూత వినబడుతుంది. కొత్తవలస – కిరండూల్ లైను ఈ కొండల్లోనే సొరంగాలు దూరుతూ పోతుంది. ఖాళీ వ్యాగన్లు పైకి ఎక్కుతాయి, బైలదిల్లా ఇనుప ఖనిజంతో నిండినవి కిందికి దిగుతాయి. గోస్తని నది పుట్టేదీ ఈ అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల గుండా పారి, విశాఖకు నీళ్ళిచ్చే తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖలో నింపుకున్న నీళ్ళ సీసాతో బయల్దేరినవాడు ఆ నీళ్ళ పుట్టింటి దాకా ఎక్కుతున్నాడన్నమాట. ఈ సంగతి నాకు ఎన్నో సవారీల తర్వాత తట్టింది. అప్పటినుంచి సీసా ఎత్తినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఫ్రాన్సులో మొదలైన ఇంకో ఆచారం కూడా మన దాకా వచ్చింది. పోటీ పెట్టకుండా, నిర్ణీత సమయంలో దూరం ముగించే సవారీలు. వాటిని బ్రెవేలంటారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40. వీటిలో పేరెన్నికగన్న పారిస్–బ్రెస్ట్–పారిస్ 1,200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. మొదట వచ్చినవాడికి బహుమతి ఉండదు. హైదరాబాదులోనూ ఈ సవారీలు చేసేవాళ్ళున్నారు. అక్కడి నుంచి నల్లమల గుండా శ్రీశైలం పోయే దారి మీద మోజు పడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది పులుల అడవి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. ఆ నియమం మృగాల కోసం. మన ప్రయాణం దాని ప్రకారం సర్దుకోవాలి.

మళ్ళీ అరకు దారికి వస్తే, గాలికొండ దగ్గర నిలబడి చూస్తే ఎక్కి వచ్చిన మలుపులు కిందికి వరసగా కనిపిస్తాయి. సుంకరిమెట్ట దాటితే అరకు. నవంబరు, డిసెంబరు నెలల్లో వెళితే పొలాల నిండా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. అక్కడ ఒక పూట ఆగాలి. అలసిన కాళ్ళతో దిగడం ప్రమాదం.

ఎందుకంటే ఈ విద్యలో కష్టమైన భాగం దిగడమే. ఎక్కేటప్పుడు పోగేసుకున్న ఆ 170 కిలోకేలరీలు దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. రెండు లీటర్లకు పైగా నీళ్ళను మరిగించగల వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలింది బ్రేకులు మింగాలి. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలుతుంది, ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందు, రోడ్డు తిన్నగా ఉన్నచోటే గట్టిగా వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. బయటి పక్క పెడల్ కిందికి ఉంచి, బరువు దాని మీద మోపి, చూపు మలుపు చివర నిలపాలి. ఎక్కడ చూస్తే సైకిలు అక్కడికే పోతుంది. లోయవైపు చూడకూడదనేది అందుకే. తడి ఆకులు, వానకు కొట్టుకొచ్చిన ఇసుక మలుపు లోపలి అంచున చేరతాయి. పైకి వచ్చే బండికి మనం దారి ఇవ్వాలి. కొండ దారిలో ఎక్కేవాడిదే ముందు హక్కు.

దిగే ముందు నేను చేసే పని ఒకటుంది. పాతకాలం ఆల్ప్స్ పందెగాళ్ళు కనుమ మీద న్యూస్‌పేపరు అడిగి తీసుకుని చొక్కా లోపల గుండె మీద పరుచుకునేవారు. తడి చొక్కా మీద చలిగాలి కొట్టకుండా. అరకులో టీ కొట్టాయనను నిన్నటి పేపరు అడిగి నేనూ అదే చేస్తాను. బొడ్డవర వచ్చేసరికి వేడిగాలి మళ్ళీ మొహానికి తగులుతుంది. రోడ్డు పక్కన ఆగి, చెమటకు మెత్తబడ్డ ఆ పేపరును బయటికి తీసి, మడిచి సంచిలో పెట్టుకుంటాను. రిమ్ము వేడి తగ్గేదాకా అక్కడే కూర్చుంటాను.