వంద వాట్ల రాక్ స్టేషన్

'మనకి రాక్ రేడియో అనేది ఎప్పుడూ లేదు బాస్' అని నా తరం వాళ్ళు తరచూ అంటుంటారు. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ల్యాన్ కేబుల్ మీద పింక్ ఫ్లాయిడ్, మెటాలికా ఆల్బమ్‌లు కాపీ చేసుకున్న తరం మాది. బెంగళూరులో ఉద్యోగం చేసొచ్చినవాళ్ళు రేడియో ఇండిగో గురించి చెప్తారు. 2006 నుంచి అక్కడ ఎఫ్ఎంలో ఇంగ్లీషు పాటలు వచ్చేవి. హైదరాబాదులో ఏ బటన్ నొక్కినా సినిమా పాటే. ఇక మా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ సంగతి అడిగితే నవ్వుతారు. అక్కడ రాక్ అంటే గుట్టలే కదా అని.

ఈ 'లేదు' అన్న మాట వింటే నాకు సురవరం ప్రతాపరెడ్డి గుర్తొస్తారు. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ పుస్తకంలో ప్రతి పద్యమూ గొప్పదని నేననను. కానీ ఒక పద్ధతి నేర్పింది: 'లేదు' అనేముందు, దేనికోసం వెతుకుతున్నాం, ఎక్కడ వెతుకుతున్నాం అని అడగాలి. రాక్ రేడియో విషయంలో మనం గిటారు కోసం వెతుకుతున్నాం, అదీ ఎఫ్ఎం కంపెనీల దగ్గర. అందుకే దొరకట్లేదు.

అసలు రాక్ స్టేషన్ అంటే ఏంటి? 1964 ఈస్టర్ రోజుల్లో ఇంగ్లండ్ తీరానికి కాస్త దూరంలో, దేశపు చట్టం చెల్లని నీళ్ళలో, ఓడ మీద నుంచి రేడియో కారొలైన్ మొదలైంది. అప్పటికి అక్కడ బీబీసీదే గుత్తాధిపత్యం. సంగీతకారుల యూనియన్‌తో ఒప్పందం వల్ల రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వెయ్యాలన్న లెక్క ఉండేది. కుర్రాళ్ళు వినాలనుకున్న పాటకి అందులో దక్కే వాటా చాలా తక్కువ. 1967లో చట్టం తెచ్చి ఓడల రేడియోల నోరు నొక్కారు. అదే ఏడాది బీబీసీ రేడియో 1 పెట్టి, ఆ ఓడల మీద మాట్లాడిన వాళ్ళలో చాలామందిని ఉద్యోగంలోకి తీసుకుంది.

అదే 1967లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ డొనహ్యూ అనే ఆయన కేఎంపీఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో ఇంకో పని చేశాడు. మామూలు స్టేషన్లు మూడు నిమిషాల హిట్ పాటలే తిప్పి తిప్పి వేసేవి. ఈయన ఆల్బమ్‌లోని పొడుగు పాటలు, ఎంత పొడుగైతే అంతా, వేశాడు. మధ్యలో అరవకుండా మామూలు గొంతుతో మాట్లాడాడు.

ఈ రెండు కథల్లోంచి నాకు మూడు గుర్తులు కనిపిస్తాయి. ఉన్న వ్యవస్థ వద్దన్న పాటకి చోటివ్వడం. ఆ పాట వినేవాళ్ళ గొంతూ యాసా మైకు దగ్గరికి రావడం. పాటకి కావలసినంత టైమివ్వడం. గిటారుది నాలుగో స్థానం, అదీ ఆ దేశాల్లో అది చేతికందే వాయిద్యం కాబట్టి.

ఈ గుర్తులతో మన రేడియో చరిత్ర చూద్దాం. కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ 1950ల మొదట్లో ఆకాశవాణిలో సినిమా పాటల్ని పక్కన పెట్టించాడు. జనం రేడియో సిలోన్‌కి తిరిగారు. తెలుగువాళ్ళకి మీనాక్షి పొన్నుదురై గొంతు అక్కడినుంచే వచ్చింది. ఓడకి బదులు ద్వీపం అన్నమాట. చివరికి 1957 అక్టోబరులో ఆకాశవాణి వివిధ భారతి పెట్టక తప్పలేదు. కారొలైన్ కథకి పదేళ్ళ ముందే మనకి ఆ కథ జరిగిపోయింది. వద్దన్న పాటకి చోటు దొరికింది కాబట్టి మొదటి గుర్తు ఉంది. మిగతా రెండూ లేవు. పాట అదే మూడు నిమిషాల సినిమా పాట. మాట్లాడింది కొలంబో.

తెలుగులో రేడియో జ్ఞాపకాల వ్యాసాలు చాలా చదివాను. బాలానందం, నాటకాలు, ఆదివారం మధ్యాహ్నం, అరుగు మీద రేడియో. బావుంటాయి. కానీ దాదాపు అన్నిట్లోనూ మనం వినేవాళ్ళమే. మాట్లాడిందెవరు, ఏ తెలుగులో మాట్లాడారు అని అడిగిన వ్యాసాలు బహు తక్కువ. తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసులో మొదలయ్యాయి, 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. హైదరాబాదులో నిజాం సర్కారు నడిపిన దక్కన్ రేడియోలో ప్రధానంగా ఉర్దూ. అది 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ తర్వాత కూడా పల్లె యాసకి వ్యవసాయ కార్యక్రమంలో చోటు దొరికింది గానీ, వార్తలకీ సాహిత్యానికీ వేరే తెలుగు నడిచింది. మా దగ్గరి ముసలివాళ్ళకి రేడియో అంటే మర్యాద గల పరాయి మనిషి. వస్తాడు, చెప్తాడు, పోతాడు. మనం మాట్లాడితే వినడు.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఆ ఆస్తిని ముందు వేలం వేశారు. ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సులు లక్షలు కోట్లు పోసి కొన్నవాళ్ళు, ఆ డబ్బు ప్రకటనల్లో రాబట్టుకోవాలి. ఎక్కువమందికి ఆల్రెడీ నచ్చిన పాట వేస్తేనే ప్రకటనలొస్తాయి. కొత్త పాట రిస్కు, పొడుగు పాట ఇంకా పెద్ద రిస్కు. హైదరాబాదు ఎఫ్ఎం అంతా ఒకేలా వినిపించడానికి కారణం జాకీల అభిరుచి కాదు, లెక్క. బ్యాలెన్స్ షీటే ప్లేలిస్ట్ రాస్తుంది.

వేలంలో పాల్గొనలేని వాళ్ళేం చేశారు? ఇక్కడినుంచే మన అసలు రాక్ చరిత్ర మొదలవుతుంది. 2002లో కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఉన్న ఓర్వకల్లులో, పొదుపు సంఘాల ఆడవాళ్ళు 'మన రేడియో' పెట్టారు. అలంపురం నుంచి చూస్తే తుంగభద్ర అవతలి ఒడ్డున, కర్నూలు దాటాక వచ్చే ఊరు. చిన్న ట్రాన్స్‌మిటర్. ఊళ్ళో వినిపిస్తే చాలన్నంత. ఆరోగ్యం, పొదుపు, పాటలు. లైసెన్సు లేదు, ఎందుకంటే అలాంటి రేడియోకి లైసెన్సిచ్చే పద్ధతే అప్పటికి దేశంలో లేదు. కొన్ని నెలలకే, 2003లో, అధికారులొచ్చి ఆపేయించారు. రేడియో కారొలైన్ గురించి సినిమాలొచ్చాయి, పుస్తకాలొచ్చాయి. మన పక్కనే జరిగిన ఓర్వకల్లు గురించి తెలుగులో ఒక్క మంచి కథైనా వచ్చిందా? సాహిత్యం పత్రికల్లో మనం అడగాల్సిన ప్రశ్న ఇదే అనుకుంటాను.

రెండో స్టేషన్ జహీరాబాద్ దగ్గర. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతుల సంఘాలు యునెస్కో సాయంతో మాచునూరులో 1990ల చివర్లోనే స్టూడియో కట్టుకున్నాయి. ప్రసారానికి అనుమతి లేదు. మరేం చేశారు? రికార్డు చేశారు. దాదాపు పదేళ్ళు పాటలు, విత్తనాల ముచ్చట్లు, పండగలు, వైద్యం టేపుల్లోకెక్కించి, సంఘం మీటింగుల్లో వేసి విన్నారు. 2000లో పస్తాపూర్‌లో కమ్యూనిటీ రేడియో కావాలంటూ ఒక ప్రకటన వెలువడింది. 2006 నవంబరులో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకీ లైసెన్సిచ్చే విధానం తెచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడింది. ప్రారంభించింది 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది, పొలం నుంచి వచ్చి పొయ్యి వెలిగించే వేళకి.

అదే నెలలో ఇంకోటి జరిగింది. ఉపగ్రహం నుంచి రేడియో ఇచ్చే వరల్డ్‌స్పేస్ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఆ రిసీవర్‌లో రాక్ ఛానెలూ ఉండేది, స్పందన అనే తెలుగు ఛానెలూ ఉండేది. 2009 ఆఖరుకి ఇండియాలో మూగబోయింది. భూమికి 36 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ ఆగిపోతుంటే, వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, పాతిక కిలోమీటర్ల లోపు వినిపించేది, మొదలైంది. స్కేల్ అన్న మాట మీద బతికే మా ఉద్యోగాల వాళ్ళు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇదంతా బాగుంది, కానీ దీన్ని రాక్ అనడం న్యాయమా? జొన్న విత్తనం పాటకీ ఎలక్ట్రిక్ గిటారుకీ ముడేస్తే ఇద్దరికీ అన్యాయమే అని ఎవరైనా అనొచ్చు. సంగీతంగా చూస్తే ఆ మాట నిజం. స్టేషన్‌గా చూస్తే కాదు. పై మూడు గుర్తులూ ఇక్కడున్నాయి. పైగా బీటీ పత్తి మీద వరంగల్ రైతుల కోపాన్ని సినిమా తీసింది కూడా ఆ సంఘాల ఆడవాళ్ళే. నిరసన మీద రాక్‌కి పేటెంటేమీ లేదు.

అయినా దండ వేసి ఊరుకుంటే విమర్శ కాదు. నన్ను ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి. ఒకటి, ఎన్జీవో నడిపే రేడియోలో ఆ ఎన్జీవోని ఎకసెక్కం చేసే పాటకి చోటుంటుందా? ఇది ఒక్క మాచునూరుదే కాదు, దేశంలోని కమ్యూనిటీ రేడియోలన్నిటి ప్రశ్న. రెండు, నియమాలు. సొంత వార్తలు చదవకూడదు. మొదట్లో గంటకి 5 నిమిషాలే ప్రకటనలు వేయొచ్చన్నారు. డబ్బుకి దాతలు, మాటకి సర్కారు. కారొలైన్ ఓడకి ఈ రెండు తాళ్ళూ లేవు. లైసెన్సుతో వచ్చే రాక్ కొంచెం గొంతు తగ్గించుకునే రాక్.

ఇప్పుడు మా మూడు జిల్లాలకొస్తాను. లింగాల మండలం అవుసలికుంటకి చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. లోకం విన్నది ఒక నిమిషం. ఆయన దగ్గరున్నది పండుగ సాయన్న కథ లాంటివి, గంటల కొద్దీ సాగేవి. సినిమా ఆ గొంతుని వాడుకున్న తీరు తప్పని నేననను, ఆ సినిమాకి అంతే కావాలి. కానీ మిగతా గంటలు ఎక్కడ వినాలి? టామ్ డొనహ్యూ 1967లో పరిష్కరించిన సమస్య సరిగ్గా ఇదే. పాట పొడుగు, స్టేషన్ పొట్టి. తెలకపల్లి మండలం గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్నకి సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది, పుస్తకంగా చదువుకుంటాం. కథ చెప్పే గొంతుకి పుస్తకం చాలదు.

'యూట్యూబ్ ఉందిగా' అంటారు. ఉంది. చౌరస్తా లాంటి బ్యాండు ఏ ఎఫ్ఎం దయా లేకుండా జనంలోకి వచ్చిందంటే ఆ గేటు తెరుచుకోవడం వల్లే. ముంబైలో పని చేసే పాలమూరు కూలీకి వంద వాట్ల సిగ్నల్ అందదు, ఫోన్ అందుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ రికమెండేషన్ ఎలా పనిచేస్తుందో మా వృత్తిలో అందరికీ తెలుసు. మొదటి పదిహేను సెకన్లలో వదిలేసి పోయేవాళ్ళు ఎక్కువైతే ఆ వీడియో కిందికి పోతుంది. పండుగ సాయన్న కథలో మొదటి పదిహేను సెకన్లు కిన్నెర శ్రుతి సరిచూసుకోవడానికే పోతాయి. అల్గారిథం దగ్గర చోటుంది, ఓపిక లేదు. స్టేషన్ అంటే ఓపిక. 'ఇది కొంచెం పొడుగుంటది, కూసోండ్రి' అని చెప్పే ఒక మనిషి.

కాబట్టి మనకి తక్కువైంది ట్రాన్స్‌మిటర్ కాదు. కమ్యూనిటీ రేడియోకి కాలేజీలు దరఖాస్తు పెట్టొచ్చు, స్వచ్ఛంద సంస్థలు పెట్టొచ్చు, పాలెంలో ఉన్నలాంటి కృషి విజ్ఞాన కేంద్రాలూ పెట్టొచ్చు. మాచునూరు ఆడవాళ్ళు లైసెన్సు కోసం ఆగకుండా ముందు టేపులు నింపుకున్నారు. మా తరం ఉల్టా చేస్తోంది. యాప్ ముందు కడదాం, కంటెంట్ తర్వాత చూద్దాం అంటుంది. ఈ విషయంలో మాత్రం ఆ క్రమం ప్రమాదం. యాప్ ఎప్పుడైనా కట్టొచ్చు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళ చేతిలోని కథలు పూర్తి నిడివితో, వాళ్ళ పేరూ హక్కూ వాళ్ళకే ఉండేలా, రికార్డు చేసి పెట్టడమే మొదటి పని. అది జరగకపోతే, ఇంకో ముప్ఫై ఏళ్ళకి ఎవరో మళ్ళీ 'మీ దగ్గర అసలేం లేదు' అంటారు. అప్పుడు సంచిక వేద్దామన్నా చేతిలో ఏమీ ఉండదు.