పన్నెండు నిమిషాలు నోరు మెదపకుండా

డార్ట్‌మండ్ ఫుట్‌బాల్ స్టేడియంలో దక్షిణం వైపు స్టాండులో లీగ్ మ్యాచ్‌లప్పుడు దాదాపు పాతికవేల మంది నిలబడే ఆట చూస్తారు. దానికి 'పసుపు గోడ' అని పేరు. మెగాఫోను పట్టుకున్న మనిషి మైదానానికి వీపు పెట్టి పాట ఎత్తుకుంటాడు, డ్రమ్ములు అందుకుంటాయి, వేల గొంతులు కలుస్తాయి. జర్మన్ లీగ్ టీవీ కంపెనీలకు అమ్ముకునేది ఆటనొక్కదాన్నే కాదు, ఈ హోరును కూడా. దాన్ని పుట్టించేవాళ్లకు మాత్రం జీతం లేదు సరికదా, టికెట్టు కూడా వాళ్లే కొనుక్కోవాలి.

అందుకే లీగ్ మీద కోపమొస్తే వాళ్లు ముందుగా ఆపేది ఆ హోరునే. 2012 డిసెంబరు 12న స్టేడియాల భద్రత నిబంధనలపై క్లబ్బులు ఓటు వేయబోతుంటే, అంతకు ముందు మ్యాచ్‌లలో అభిమానులు 12 నిమిషాల 12 సెకన్లు మౌనం పాటించారు. బంతిని తన్నిన చప్పుడు, గోల్‌కీపర్ కేకలు పై వరుసల దాకా వినిపించాయి. గడువు తీరగానే ఒక్కసారిగా పాట విరుచుకుపడింది. అరవడం ఎవరికైనా చేతనవుతుంది. గోలు పడ్డా గొంతు పెగలనివ్వకుండా వేలమంది ఒకే మాట మీద నిలబడటానికి ఎంత కట్టుబాటు కావాలి! ఒకరి పొడ ఒకరికి గిట్టని క్లబ్బుల అభిమానులు కూడా ఈ ఒక్క విషయంలో కలిసి నడిచారు. నిబంధనలు మాత్రం ఆగలేదు, ఆమోదం పొందాయి. అయినా మౌనంతో నిరసించే ఆ పద్ధతి నిలబడింది.

2023 డిసెంబరు 11న పై రెండు డివిజన్లలోని 36 క్లబ్బులు రహస్య ఓటింగు జరిపాయి. ఇరవై ఏళ్లపాటు టీవీ హక్కుల ఆదాయంలో ఎనిమిది శాతం దాకా ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి, బదులుగా సుమారు వంద కోట్ల యూరోలు తీసుకోవాలన్నది ప్రతిపాదన. కావలసినవి 24 ఓట్లు, పడినవి సరిగ్గా 24. జర్మనీలో క్లబ్బుల్లో మెజారిటీ ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలన్న '50+1' నిబంధన ఉంది. ఒక క్లబ్బు అధికారి తన సభ్యుల ఆదేశాన్ని కాదని ఓటు వేశాడన్న అనుమానం ఆ నిబంధన మూలాన్నే తాకింది.

దీనికి నిరసనగా మళ్లీ పన్నెండు నిమిషాల మౌనం మొదలైంది. పదకొండు మంది ఆటగాళ్ల తర్వాత పన్నెండోవాళ్లు తామే కదా! ఆ తర్వాత బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు మైదానంలోకి వచ్చాయి, ఆ వెనకే టెన్నిస్ బంతులు. 2016లోనే డార్ట్‌మండ్ అభిమానులు టికెట్ల ధర మీద నిరసనగా ఈ బంతులు విసిరారు. ఆ ఎంపికలో తెలివి ఉంది. బంతి మెత్తన, చవక, జేబులో పడుతుంది, గడ్డి మీద దొర్లుతూ దూరం పోతుంది. వందలకొద్దీ ఏరేదాకా రెఫరీ ఆట మొదలుపెట్టలేడు. 2024 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో హెర్తా–హాంబర్గ్ మ్యాచ్ ఇలా అరగంటకు పైగా ఆగింది. కొలోన్‌లో పొగ కక్కుతూ రిమోట్ కార్లు మైదానంలో తిరిగాయి.

ఫిబ్రవరి చలిలో ఆటగాళ్లు కండరాలు బిగుసుకుపోకుండా చూసుకుంటూ ఎదురుచూడాల్సి రావడం నిజమైన ఇబ్బందే. ఒకచోట క్లబ్బు అధికారి ముఖాన్ని తుపాకీ గురిలో పెట్టి బ్యానర్ ఎత్తారు. అది నిరసన కాదు, బెదిరింపు. మెత్తని బంతితో సంపాదించిన సానుభూతిని అలాంటి గుడ్డముక్క ఒక్క నిమిషంలో పోగొడుతుంది. తక్కినచోట్ల వాళ్లు వదులుకున్నది సొంత ఆనందాన్నే. వారమంతా ఎదురుచూసిన ఆటను చేతులారా ఆపుకున్నారు, అందుకే వాళ్ల మాటకు బరువొచ్చిందని నా నమ్మకం.

పెట్టుబడి బరిలో మిగిలిన రెండు సంస్థల్లో బ్లాక్‌స్టోన్ ముందే తప్పుకుంది. ఫిబ్రవరి 21న లీగ్ కార్యవర్గం, ఈ పరిస్థితుల్లో ముందుకు వెళ్లడం సాధ్యం కాదంటూ, రెండో సంస్థ సీవీసీతో సాగుతున్న ప్రక్రియను కూడా నిలిపేసింది.