సేవ, చాకిరి, పని: నెల్లా లాస్ట్ యుద్ధకాలపు డైరీ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని బారో-ఇన్-ఫర్నెస్ పట్టణంలో మహిళా స్వచ్ఛంద సంస్థ కార్యకర్తగా పనిచేసిన నెల్లా లాస్ట్ (1889–1968) డైరీ స్త్రీల స్వీయరచనల అధ్యయనంలో ప్రముఖమైనది. యుద్ధం గృహిణికి ప్రసాదించిన విముక్తికి నిదర్శనంగా దీనిని చదవడం పరిపాటి. ఆ పఠనం అసంపూర్ణమనీ, స్వచ్ఛందసేవ ఆమె నైపుణ్యానికి గుర్తింపు తెచ్చినా ఆ గుర్తింపును నిలుపుకొనే హక్కును ఇవ్వలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వచ్ఛందసేవ, గృహశ్రమ, డైరీ సాహిత్యం, మహిళా నాయకత్వం, రెండవ ప్రపంచ యుద్ధం.

1. ఉపోద్ఘాతం:
స్త్రీ శ్రమను సూచించడానికి తెలుగులో మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. జీతానికి చేస్తే అది పని. ఇంట్లో చేస్తే చాకిరి. జీతం లేకుండా సమాజంలో చేస్తే సేవ. చేసే చేతులు అవే అయినా మాట మారగానే విలువ మారుతుంది. ఇంటి చాకిరి అన్నప్పుడు విసుగు, సేవ అన్నప్పుడు పుణ్యం ధ్వనిస్తాయి. ఈ రెండింటిలోనూ ప్రతిఫలం ప్రసక్తి రాదు. నెల్లా లాస్ట్ డైరీని ఈ మూడు మాటల వెలుగులో చదివితే కొత్త ప్రశ్నలు ఎదురవుతాయి.

2. సంస్థ – నాయకత్వం:
వైమానిక దాడుల నుంచి పౌరరక్షణకు స్త్రీలను సమీకరించే ఉద్దేశంతో బ్రిటిష్ హోంశాఖ కోరిక మేరకు 1938లో ఈ సంస్థ ఏర్పడింది. భారతదేశ మాజీ వైస్రాయి లార్డ్ రీడింగ్ భార్య, అప్పటికి వితంతువు అయిన స్టెల్లా ఐజాక్స్ దీనికి సారథ్యం వహించారు. యుద్ధకాలంలో సభ్యుల సంఖ్య సుమారు 10 లక్షలకు చేరింది. పిల్లలను నగరాల నుంచి తరలించడం, క్యాంటీన్లు నడపడం, ఇళ్లు కోల్పోయినవారికి బట్టలు పంచడం వంటివి వీరి బాధ్యతలు. సైనిక సంస్థలలో వలె హోదాలు ఉండరాదన్నది స్థాపకురాలి ఆశయం.

అయితే హోదాలు లేనంత మాత్రాన అంతరాలు తొలగిపోవు. జీతం లేని పనికి పూర్తికాలం వెచ్చించగలిగినవారు తీరిక, సంపద, సాంఘిక ప్రతిష్ఠ ఉన్నవారే. యుద్ధకాలపు స్థానిక మహిళా నాయకత్వంలో వర్గ ఆధిపత్యం యథాతథంగా కొనసాగిందని చరిత్రకారుడు జేమ్స్ హింటన్ నిరూపించారు. నెల్లా ఈ వర్గానికి చెందినది కాదు. ఆమె భర్త వడ్రంగం, దుకాణాల అమరిక పనులు చేసేవాడు. కాబట్టి కేంద్రంలో ఆమె సంపాదించుకున్న స్థానం పుట్టుకతో వచ్చింది కాదు, చేతిపనితో వచ్చింది.

3. డైరీలో శ్రమ స్వరూపం:
1937లో మొదలైన ‘మాస్ అబ్జర్వేషన్’ పరిశోధన సంస్థ సామాన్యులను డైరీలు రాసి పంపమని కోరింది. 1939 సెప్టెంబరులో రాయడం ప్రారంభించినప్పుడు నెల్లా తనను గృహిణిగా, 49 ఏళ్ల వ్యక్తిగా పరిచయం చేసుకున్నది. యుద్ధానికి ముందు ఆమె తీవ్రమైన మానసిక అస్వస్థతకు గురైంది. అటువంటి వ్యక్తి గుడ్డపీలికలతో బొమ్మలు, దుప్పట్లు కుట్టి, సంచార క్యాంటీన్‌లో పనిచేసి, యుద్ధఖైదీల సహాయార్థం రెడ్‌క్రాస్ దుకాణం నడిపింది. నౌకానిర్మాణ కేంద్రమైన బారోపై 1941 ఏప్రిల్, మే నెలల్లో బాంబుదాడులు జరిగి సొంత ఇల్లు దెబ్బతిన్న తరువాత కూడా ఆమె ఈ పనులను విడిచిపెట్టలేదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. పొదుపుగా వండటం, పాతగుడ్డను కొత్తవస్తువుగా మలచడం ఆమె ఇంట్లో ఏళ్ల తరబడి చేసినవే. ఇంట్లో అవి సహజధర్మాలుగా కనిపించాయి. కేంద్రంలో అవే నైపుణ్యాలుగా గణనకు వచ్చాయి. తాను తెలివిలేనిది కాదని, తన రంగంలో సమర్థురాలినని ఆమె డైరీలో గ్రహించడం, పురుషాధిక్యాన్ని సూటిగా ప్రశ్నించడం ఈ గణన ఫలితమే. అయితే ఈ గణనకు ఒక పరిమితి ఉంది. దుకాణంలో బొమ్మకు ధర ఉన్నది, బొమ్మ కుట్టిన గంటలకు లేదు. వచ్చిన రాబడి లెక్కకెక్కింది, వెచ్చించిన శ్రమ ఎక్కలేదు.

4. సంకలనం – కథనం:
1981లో వెలువడిన సంపుటి విస్తారమైన రాతప్రతి నుంచి ఎంపిక చేసినది. అది యుద్ధంతో మొదలై యుద్ధంతో ముగుస్తుంది. అందువల్ల అణగివున్న గృహిణి ఆత్మవిశ్వాసం గల వ్యక్తిగా ఎదిగే కథాక్రమం సహజంగా ఏర్పడింది. విక్టోరియా వుడ్ రచించి, నెల్లా పాత్రను స్వయంగా పోషించిన 2006 నాటి టెలివిజన్ చిత్రం ఆ క్రమాన్ని మరింత స్థిరపరచింది. కానీ నెల్లా 1966 వరకు రాస్తూనే ఉన్నది. 2008లో వచ్చిన శాంతికాలపు సంపుటిని కలిపి చదివితే చిత్రం మారుతుంది. క్యాంటీన్లు, కేంద్రం మూతపడగా ఆమె దినచర్య తిరిగి ఇంటి గోడల మధ్యకు కుదించుకుపోయింది. ఉద్యోగి అయితే ఉద్యోగం పోయిందని చెప్పుకోగలదు. సేవకు రాజీనామా, పింఛను, నష్టపరిహారం లేవు. ఆమె కోల్పోయినదానికి నష్టమన్న పేరు కూడా దక్కలేదు.

దీనికి ఒక ప్రతివాదం సాధ్యమే. వేతనం కోసం బయటకు వెళ్లడాన్ని మధ్యతరగతి మర్యాద అంగీకరించని రోజుల్లో సేవ అన్న మాటే గడప దాటడానికి అనుమతి ఇచ్చింది. ఇది కాదనలేని నిజం. అయితే గడప దాటించిన ఆ మాటే, యుద్ధావసరం తీరగానే తిరిగి గడప లోపలికి వెళ్లమనడాన్ని సులభతరం చేసింది. సేవ అన్న భావనలోని ఈ ద్వంద్వ స్వభావాన్ని విముక్తి కథనం మరుగుపరుస్తుంది.

5. ముగింపు:
నెల్లా డైరీ విలువ ఆమె సాధించిన విజయంలో మాత్రమే లేదు. ఆ విజయం ఎంత తాత్కాలికమో నమోదు చేయడంలోనూ ఉన్నది. ఈ పఠనపద్ధతి తెలుగు స్త్రీల స్వీయచరిత్రల అధ్యయనానికీ ఉపకరిస్తుంది. 1937లో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళాసభ స్త్రీలకు చదువు, వృత్తిశిక్షణ అందించి సేవను ఇతరుల జీవనోపాధికి దారిగా మలిచింది. అటువంటి సందర్భాలకూ, సేవ సేవగానే ముగిసిపోయిన సందర్భాలకూ మధ్యనున్న తేడాను పరిశోధకులు గుర్తించాలి. ‘సమాజసేవ’ అన్న శీర్షిక కనిపించిన ప్రతిచోటా ఆ శ్రమకు కాలం ఎక్కడినుంచి వచ్చింది, ఆ సమయంలో ఇంటి చాకిరి ఎవరు చేశారు, చివరకు ఆమెకు మిగిలిన హక్కు ఏమిటి అన్న మూడు ప్రశ్నలు వేయవలసి ఉన్నది. ప్రశంస ఆ ప్రశ్నలకు సమాధానం కాజాలదు.