పేతురు ఏడ్చాక మోగిన వయొలిన్

మత్తయి సువార్త ఇరవై ఆరో అధ్యాయం పేతురు ఏడుపుతో ముగుస్తుంది. ప్రధాన యాజకుడి ముంగిట్లో ఇద్దరు పనిపిల్లలు అతణ్ని గుర్తుపట్టారు. పక్కన నిలబడ్డవాళ్లు మాట తీరునుబట్టి గలిలయవాడని పోల్చుకున్నారు. యేసు ఎవరో తెలియదని అతను మూడుసార్లు బొంకాడు. వెంటనే కోడి కూసింది. యేసు ముందే చెప్పిన మాట గుర్తొచ్చి బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. సువార్తకారుడు ఆ ఏడుపును ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోయాడు. జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాక్ మాత్రం అక్కడే ఆరేడు నిమిషాలు ఆగిపోయాడు. దేవుని క్షమాపణ గురించి ఇంత నేర్పైన పనితనాన్ని నేను మరెక్కడా వినలేదు.

ఆ పాట పేరు 'ఎర్బార్మె దిష్'. 'కరుణించు' అని అర్థం. మత్తయి సువార్తలోని యేసు శ్రమల కథకు బాక్ కట్టిన, సుమారు మూడు గంటలు సాగే 'సెయింట్ మాథ్యూ ప్యాషన్'లో అదొక భాగం. ఈ కృతిని మొదట లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చిలో 1727 గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాడారని పండితుల అభిప్రాయం. రెండు గాయక బృందాలు, రెండు వాద్య బృందాలు, నడుమ పాస్టరుగారి ప్రసంగం. సువార్త కథనమంతా ఒక టెనర్ గాయకుడు వినిపిస్తాడు. మధ్యలో వచ్చే పాటల్లో చాలావాటిని పికాండర్ అనే కలం పేరున్న కవి రాశాడు. బాక్ స్వదస్తూరీతో ఉన్న శుభ్రప్రతి ఇప్పుడు బెర్లిన్ గ్రంథాలయంలో ఉంది. అందులో బైబిల్ మాటలన్నీ ఎర్ర సిరాతోనే రాసుకున్నాడాయన.

కథ చెప్పే గాయకుడి బాణీ మామూలుగా అక్షరానికో స్వరంగా, వచనం చదివినట్టే సాగుతుంది. 'ఏడ్చాడు' అనే మాట దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు ఆ ఒక్క మాట మీదే మెలికలు తిరుగుతూ పోతుంది. అప్పటిదాకా సాక్షిగా నిలబడ్డవాడు అక్కడ తానూ కదిలిపోతాడు. ఆ గొంతు ఆగగానే వయొలిన్ అందుకుంటుంది.

పాట బి మైనర్‌లో ఉంది కాబట్టి మన చెవికి కీరవాణి ఛాయ తగులుతుంది. లయ నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడేసి మాత్రలు, తిశ్ర నడక. వయొలిన్ ఒక్క ఉదుటున పైకి లేచి, నిట్టూరుస్తూ వంగుతుంది. కింద మంద్ర తీగలకు కమాను తగలదు. వాటిని వేళ్లతో మీటుతారు. ఆ మీటులు కన్నీటి బొట్లని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. కన్నీళ్లు అంత లెక్కగా రాలవు. తప్పు చేసినవాడు కుమిలిపోతున్నా వాడికోసం ఆగని కాలం ఉందే, నాకు వినిపించేది అదే.

తర్వాత గాత్రం వస్తుంది. మన కచేరీల్లో పాడేవారు ముందు, వయొలిన్ వెనక. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి లాంటివారు ఆ వాద్యానికి సొంత కచేరీ సంపాదించిపెట్టారు గానీ, గాత్రం పక్కన కూర్చున్నప్పుడు దాని పని అనుసరించడమే. ఇక్కడ ఆ వరస తిరగబడింది. వయొలిన్ ముందుగా పాడేసిన దాన్ని గొంతు అందుకోబోతుంది. ఆ వంపులూ సొంపులూ దానికి పూర్తిగా పలకవు, నగలు తీసేసిన రూపమే పాడగలుగుతుంది. వాద్యం దాన్ని విడిచిపెట్టదు, పక్కనే అల్లుకుంటూ పోతుంది. పాపి నోరు తెరవకముందే కృప పని మొదలుపెట్టిందన్నది లూథరన్ బోధ. పశ్చాత్తాపం కూడా దేవుడిచ్చేదే తప్ప మనిషి సొంత సంపాదన కాదు. బాక్ ఆ బోధను మనసులో పెట్టుకునే ఈ వరస కూర్చాడని రుజువు చేయలేను. విన్నప్పుడల్లా నాకు తోచేది మాత్రం ఇదే.

ఇంకో విశేషం. ఈ పాట పేతురుది కాదు. ప్యాషన్‌లో పేతురు మాటలు పాడేది లోతైన బాస్ గొంతు. ఈ పాటను ఆల్టో గొంతుకి ఇచ్చాడు బాక్. అంటే వేడుకునేది పేతురు కాదు, చర్చిలో కూర్చుని కథ వింటున్నవాడు. పక్కవాడి పాపం చూసి అయ్యో అనుకునే అవకాశం మనకు లేకుండా చేశాడు.

పాట అయ్యాక పరలోకం నుంచి స్వరమేదీ పలకదు. క్షమించాను అని ఎవరూ అనరు. దానికి బదులు రెండు బృందాలూ కలిసి ఒక కీర్తన ఎత్తుకుంటాయి. నీకు దూరమైపోయినా తిరిగి వచ్చాను, నా నేరం కాదనను, నీ కృప నా పాపంకంటే గొప్పది అనే భావం దానిది. మాట 'నేను', పాడేది అందరూ. రాగం ఆ ఊరివాళ్లకు చిన్ననాటినుంచీ తెలిసినదే, యోహాన్ షోప్ కట్టింది. 'జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్' పేరుతో పెళ్లిళ్లలో వాయించేదానికి ఆధారం కూడా ఆ రాగమే. అంతసేపు మైనర్‌లో నలిగిన చెవికి ఈ కీర్తన చివర మేజర్ తగిలినప్పుడు ప్రాణం లేచొస్తుంది.

అక్కడితో వదలడు బాక్. వెంటనే యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు కథ. అతనూ పశ్చాత్తాపపడ్డాడు, ముప్పై వెండి నాణేలు దేవాలయంలో పారేశాడు, పోయి ఉరేసుకున్నాడు. ఇప్పుడు రెండో వాద్య బృందం నుంచి ఇంకో వయొలిన్ లేస్తుంది. బాస్ గొంతు పాడే ఈ పాటలో పికాండర్ యూదాను తప్పిపోయిన కుమారుడు అని పిలిచాడు. లూకా సువార్త ఉపమానంలో ఇంటికి తిరిగొచ్చి తండ్రి కౌగిట్లో పడినవాడి పేరది. రాగం జి మేజర్, ఉరకలు వేసే వయొలిన్. ద్రోహికి ఇంత వెలుతురేమిటని తొలిసారి విన్నవాళ్లు తికమకపడతారు. కానీ బాక్ ఇద్దరికీ చెరో వయొలిన్ ఇచ్చాడు, తేడా చూపలేదు. పేతురు ఏడుపు తర్వాతి పాట వెనక రెండు బృందాలూ కలిసి కీర్తన పాడాయి. యూదా పాట వెనక వెంటనే అలాంటి కీర్తన రాలేదు. ఆ ఖాళీ గురించి ఎంత చర్చించినా తరగదు.

'ఎర్బార్మె దిష్' ఒక్కటే విడిగా యూట్యూబ్‌లో కొల్లలుగా దొరుకుతుంది. దర్శకుడు తార్కోవ్‌స్కీ 1986 నాటి 'ది శాక్రిఫైస్' సినిమా కూడా దాంతోనే మొదలవుతుంది. అలా విడిగా వింటే సగం పనితనమే తెలుస్తుంది. పేతురు మొదటి బొంకు దగ్గర మొదలుపెట్టి, కీర్తన మీదుగా, యూదా పాట పూర్తయ్యేదాకా ఒకే విడతలో వినండి. అరగంట కూడా పట్టదు.